హోలుబ్ వారి కత్తితోకలు

చేపల విషయంలో లైల్ హోలుబ్ ఎంగిలిచేత్తో కాకినైనా తోలడని పార్మా ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళందరికీ తెలుసు. మిగతా వాటిలో ధర్మాత్ముడే. మంచు పడితే పక్కింటి ముసలావిడ వాకిట్లోది కూడా తనే ఎత్తిపోసేవాడు. ఎవరి కారు మొరాయించినా పానా పట్టుకుని బయల్దేరేవాడు. తన కత్తితోకల్లోంచి ఒక్క జత ఇవ్వమంటే మాత్రం ఏదో నవ్వులాట మాట అనేసి తప్పుకునేవాడు. సెలూను నడిపే స్టావ్రో ఇరవై ఏడేళ్ళు అడిగాడు. ఇరవై ఏడేళ్ళూ ఉత్త చేతులతోనే ఇంటికి వెళ్ళాడు.

అడగదగ్గ చేపలే మరి. వేలెడు పొడుగు, పండుమిరప రంగు. మగదానికి తోక కింది అంచు సాగి చిన్న కత్తిలా వెనక్కి పొడుచుకొస్తుంది, దాని చుట్టూ కాటుక గీసినట్టు నల్లటి గీత. ఆడదానికి కత్తి ఉండదు, ఒళ్ళు మాత్రం బరువు. ఆ గీత అంత శుభ్రంగా దిగే రకం లైల్ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని చేపల సంఘంలో అందరూ ఒప్పుకున్న మాట.

కానీ ఈ కథ లైల్‌ది కాదు. బకెట్లు మోసిన అతని అక్కది.

ఆర్డిత్ హోలుబ్‌కి ఆ ఏడు నలభై ఎనిమిది. స్కూలు వంటగదిలో పని. పొద్దున్న అయిదున్నరకి చీకట్లోనే వెళ్ళి, నాలుగు వందల మంది పిల్లలకి వండి వడ్డించి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేది. తమ్ముడికి కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, "మా అక్క వంట నాలుగొందల మందికి సరిపోద్ది. ఒక్కణ్ణే తినలేక చస్తున్నా, ఇంకోళ్ళని కూడా తేనా?" అనేవాడు లైల్. దానికీ, అడిగినదానికీ సంబంధం ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ చేపల మొదటి జత తెచ్చింది ఆర్డితే. అప్పటికి లైల్‌కి పందొమ్మిదేళ్ళు, ఫ్యాక్టరీలో నడుము విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆర్డిత్ మొదటి వారం జీతంతో బజారు నుంచి ఒక రేకు డబ్బాలో రెండు చేపల్ని తెచ్చి, మంచం పక్కన గాజు సీసాలో పోసింది. "గోడ వంక చూస్తూ పడుకునే బదులు వీటి వంక చూడు" అంది. ఆ తర్వాత ఆ సంగతి మర్చిపోయింది కూడా. వంటావిడకి జ్ఞాపకాలు పెట్టుకునే తీరికేదీ.

లైల్ లేచి నడవగానే గరాజు వెనక గుంట తవ్వాడు. ఒక పక్క మోకాలి లోతు, ఇంకో పక్క నడుము లోతు. అప్పట్నుంచీ ఏటా ఒకటే వరస. మే నెల చివరి సోమవారం, టమాటా నారు నేలలో దిగిన రోజే చేపలు గుంటలో దిగాలి. అవి వేడి దేశం చేపలు, మన చలికాలం వాటికి పనికిరాదు. కానీ వేసవి ఎండలో పెరిగిన చేపకి వచ్చే రంగు ఇంట్లో తొట్టిలో ఎన్నేళ్ళు పెంచినా రాదు. అందుకని నాలుగు నెలలు బయట, ఎనిమిది నెలలు ఇంటి కింద బేస్‌మెంటులో. మోయడం ఆర్డిత్ వంతు. ఎప్పుడు మోయాలో చెప్పడం లైల్ వంతు.

ఆ చెప్పడానికి అతని దగ్గరొక సూత్రం ఉండేది. తాడు కట్టిన థర్మామీటరు గుంటలో వేలాడుతూ ఉంటుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, తెల్లవారుతుండగా దాన్ని పైకి లాగి, చూసిన అంకె వెనక తలుపుకున్న స్టావ్రో సెలూను క్యాలెండరులో రాసేవాడు. వరసగా మూడు పొద్దులు ఫారెన్‌హీట్ అరవై కంటే దిగితే ఇక ఆగకూడదు. యాభైకి చేపలు పక్కకి ఒరుగుతాయి. నలభై అయిదుకి ఇక మాటల్లేవు. నీళ్ళు గడ్డకట్టేది ముప్ఫై రెండుకే కానీ, అందాకా ఆగడానికి చేపలేం మనుషులు కావు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆర్డిత్ మూడింటికి వచ్చేసరికి ఇంట్లో బేస్‌మెంటు పంపుల బుడబుడ తప్ప ఇంకో చప్పుడు లేదు. కిందికి దిగింది. లైల్ ముక్కాలిపీట మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉన్నాడు. చేతిలో చిన్న వల. గుండె ఆగిపోయింది. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది. ఆర్డిత్ అతని చెయ్యి పట్టుకుని చూసి వదిలేసింది. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. అది చేపలకి మేత వేసే వేళ. కత్తితోకలూ మిగతా రకాలూ ఉన్న ముప్ఫై ఒక్క తొట్లకీ వరసగా మేత వేసి, మూతలు పెట్టి, తర్వాత పైకి వెళ్ళి ఫోను చేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏడుపు రాలేదు. ఆ రోజే కాదు, ఖననం రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గాజు పళ్ళేల్లో నూడుల్సూ బంగాళాదుంపలూ చేసి తెచ్చారు, అడుగున తమ పేర్లు అతికించుకుని మరీ. ఆవిడ తినగలిగినంత తిని, కడిగి, ఎవరి పళ్ళెం వాళ్ళకి తిరిగిచ్చేసింది. "పాపం లోపల దిగమింగుకుంటోంది" అన్నారు కొందరు. "నిమ్మకు నీరెత్తినట్టుందమ్మా, తోడబుట్టినవాడు పోతే ఇలాగా?" అన్నారు ఇంకొందరు. రెండూ కాదు. దిగమింగడానికి లోపల ఏదైనా ఉంటేగా. వేళకి లేచేది, వేళకి వెళ్ళేది, వండేది, వచ్చేది. బేస్‌మెంటులోకి మాత్రం దిగలేదు. బట్టలుతికే మిషను అక్కడే ఉంది. అందుకని వారానికోసారి బట్టల మూట కారులో వేసుకుని బజారులో ఉతుక్కొచ్చేది.

సంఘంలో ఎవరైనా పోతే మిగతా సభ్యులే వచ్చి చేపలు దింపి, తొట్లు కడిగి, చర్చి హాల్లో వేలం వేస్తారు. ఇంట్లోవాళ్ళకి ఆ బరువు ఉండకూడదని ఆనవాయితీ. మార్చిలో పది మంది వచ్చారు. "అన్నీ తీసుకెళ్ళండి" అంది ఆర్డిత్. తీసుకెళ్ళారు. సాయంత్రం స్టావ్రో ఒక్కడూ వెనక్కొచ్చాడు, చేతుల్లో చిన్న తొట్టి, అందులో కత్తితోకలు. దాన్ని వెనక వసారాలో బల్ల మీద పెట్టి, వైరు గుచ్చి, అప్పుడు మాట్లాడాడు.

"ఇవి వేలానికి పెట్టలేదు."

"అన్నీ తీసుకెళ్ళమన్నాగా."

"అన్నావు. బతికుండగా ఒక్కటివ్వలేదు మహానుభావుడు. ఇప్పుడు పోయాడు కదా అని పాడుకుని పట్టుకెళ్తే, రేప్పొద్దున పైన కనపడి నా పీక పట్టుకుంటాడు. నాకొద్దు."

"నాకూ వద్దు స్టావ్రో."

"నీకు వద్దంటే కుదరదు తల్లీ. పదకొండున్నాయి. ఇవి తప్ప ఇంకెక్కడా లేవు. ఇవి పోతే ఆ రకం పోయినట్టే, లైల్ ఇరవై ఏడేళ్ళూ పోయినట్టే. చలికాలానికని కింద పెద్ద తొట్టి ఒకటి ఖాళీగా వదిలేశా. వింటున్నావా?"

"వింటున్నా."

విన్నది. అంతే.

మే చివరి సోమవారం టమాటా నారు వేసింది, చేపల్ని గుంటలో వదిలింది. వెయ్యాలని వెయ్యలేదు, ఇరవై ఏడేళ్ళుగా ఆ రోజు చేతులు చేసే పని అదే కాబట్టి చేశాయి. జూన్‌లో నీళ్ళ మీద మిరపగింజలంత పిల్లలు తేలాయి. జూలైలో ఒక కొంగ మరిగితే లైల్ పాత చొక్కా కర్రకి తొడిగి గుంట పక్కన పాతింది. ఆగస్టుకి నూరు దాటాయి చేపలు. మూడుంపావుకి ఎండలో అవి ఎర్రగా గుంపు కట్టి మేతకి వస్తే, మడత కుర్చీలో కూర్చుని చూసేది. బాగున్నాయని తెలుస్తూనే ఉండేది. తెలియడం వేరు, అనిపించడం వేరు. అనిపించేది కాదు.

థర్మామీటరు కూడా చూసేది. ఇక్కడే వచ్చింది చిక్కంతా. లైల్ తెల్లవారుజామున చూసేవాడు, రాత్రంతా చల్లబడిన నీళ్ళు నిజం చెప్పే వేళ అది. ఆర్డిత్ ఆ వేళకి స్కూల్లో గిన్నెల మధ్య ఉంటుంది. ఆవిడ చూసేది ఇంటికొచ్చాక, గరాజు గోడ మీద పడిన ఎండంతా గుంటలోకి కాచాక. శని, ఆదివారాలైతే మధ్యాహ్నం దాకా మంచం దిగేది కాదు. అందుకని క్యాలెండరులో అంకెలు దర్జాగా ఉండేవి.

సెప్టెంబరు ఆఖర్లో స్టావ్రో వచ్చి క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"అరవై ఎనిమిదా? మా పెరట్లో తొట్లు అరవై కిందికి దిగి వారమైంది."

"మా గుంట లోతు కదా."

"లోతే అనుకో. అయినా వచ్చే ఆదివారం లోపలికి తెచ్చెయ్. నేనొస్తా, ఇద్దరం కలిసి మోద్దాం."

"నేను తెస్తాలే."

"తెస్తానంటావు. మొహం చూస్తే నమ్మకం కుదరట్లేదు."

"నా మొహం ఎప్పుడూ ఇంతే కదా."

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. లోపలికి తేవడమంటే బేస్‌మెంటు మెట్లు దిగడం. తను చూసే అంకె తెల్లవారుజాము అంకె కాదని ఆవిడకి తెలియదా? తెలుసు. ఇరవై ఏడేళ్ళు ఆ గుంట చుట్టూ తిరిగిన మనిషికి తెలియకపోవడమేమిటి. పొయ్యి మీద పాలు పెట్టామని తెలిసి కూడా మంచం దిగని రోజులుంటాయి చూడండి, అలాగ తెలుసు. అక్టోబరు రెండో వారంలో మూడు రోజులు మబ్బు పట్టి ముసురు కురిసింది. ఆ మూడు రోజులూ గుంట దగ్గరికి వెళ్ళనే లేదు. తలుపు దగ్గర నిలబడి, కిందటి రోజు అంకె చూసి, అరవై రెండు, అరవై రెండు, అరవై రెండు అని రాసింది.

శుక్రవారం రాత్రి మబ్బు విడిపోయింది.

శనివారం తెల్లవారుతుండగా ఏదో కాలుతున్న వాసనకి ఆర్డిత్‌కి మెలకువ వచ్చింది. కంగారుపడి లేచి కూర్చుంది. ఇల్లు కాదు కాలేది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులో వేసవంతా పేరుకున్న దుమ్ము. ఆ ఏడాదికి మొదటిసారి ఫర్నేసు దానంతటదే వెలిగింది. ఫర్నేసు వెలిగిందంటే బయట ఎంత చలి ఉండాలో లెక్క కట్టడానికి ఆవిడకి రెండు క్షణాలు పట్టింది. రాత్రి గౌను మీదే లైల్ రబ్బరు బూట్లు తొడుక్కుని వెనక్కి పరుగెత్తింది.

గడ్డంతా తెల్లగా ఉంది. గుంట మీద పల్చగా ఆవిరి లేస్తోంది. మేతకి ఎగబడే గుంపు లేదు. తాడు లాగి చూసింది. నలభై ఏడు. వంగి లోపలికి చూస్తే అడుగంతా ఎర్రగా ఉంది. అన్నీ పక్కకి ఒరిగి, రాలిన ఆకుల మీద పడి ఉన్నాయి.

వల కోసం గరాజులోకి వెళ్ళకుండా ఆవిడ అలాగే నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వచ్చాయి నీళ్ళు. రెండు చేతులతో ఆకులూ చేపలూ కలిపి ఎత్తి, గుంట నీళ్ళే నింపిన బకెట్లలో వేసింది. కొన్నింటి మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. చాలావాటివి ఆడటం లేదు. ఏది ఏదో చూడకుండా అన్నిటినీ ఎత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఈవిడవి కాలలేదు, కొయ్యబారాయి. తడి గౌనుతో వంటింట్లోకి వచ్చి సెలూనుకి ఫోను చేసింది.

"చలి కొట్టేసింది స్టావ్రో. అన్నీ పడిపోయాయి. బకెట్లలో ఉన్నాయి. హీటరు ఎక్కడ పెట్టావు?"

"హీటరు ముట్టుకోకు" అన్నాడతను. వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది. "వెచ్చటి నీళ్ళు ఒక్క చుక్క కూడా పోయకు. చలిపట్టిన చేపకి గబుక్కున వేడి తగిలిందా, అప్పుడు చస్తుంది. బకెట్లు బేస్‌మెంటులోకి తీసుకెళ్ళి నేల మీద పెట్టు, అక్కడైతే వంటింటంత వేడుండదు. వాటంతటవి నెమ్మదిగా తేరుకోవాలి. నేనొస్తున్నా."

"షాపులో జనం ఉంటారుగా."

"ఉన్నాడొకడు, సగం తలతో. టోపీ పెట్టుకుని కూర్చుంటాళ్ళే."

ఆర్డిత్ రెండు చేతుల్లో రెండు బకెట్లతో బేస్‌మెంటు తలుపు భుజంతో నెట్టి, మెట్లు దిగింది. మళ్ళీ పైకెక్కి ఇంకో రెండు తెచ్చింది. నాలుగోసారి దిగాక గానీ తనెక్కడుందో గుర్తు రాలేదు. తొట్ల గుర్తులు గోడ మీద నల్లటి చతురస్రాలుగా మిగిలాయి. ముక్కాలిపీట అక్కడే ఉంది.

స్టావ్రో భుజాన తువ్వాలుతోనే వచ్చాడు. ఒక్కో బకెట్‌లోకీ తొంగి చూసి వచ్చి, మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇంక చేసేదేమీ లేదు. చూస్తూ ఉండటమే.

"క్యాలెండరులో అరవై రెండుంది" అన్నాడు.

"చూడకుండా రాశాను."

అతను తల ఊపాడు.

"ఇంకొకటి కూడా ఉంది" అంది ఆర్డిత్. "లైల్ పోయిన రోజు, నేను ముందు చేపలకి మేత వేశాను. ఆ తర్వాత ఫోను చేశాను. వాడు ఆ పీట మీదే ఉన్నాడు. నేను మేత వేశాను."

స్టావ్రో తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టాడు. "వేసి ఉండకపోతే లేచి తిట్టేవాడు" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. తిట్టేవాడే అనుకుంది.

మధ్యాహ్నానికి పాతిక చేపలు మొప్పలు ఆడించాయి. సాయంత్రానికి వాటిలో పదహారు ఆగిపోయాయి. ఆదివారం అయిదు మిగిలాయి. మగవన్నీ పోయాయి, కత్తులతో సహా. సోమవారం ఆర్డిత్ స్కూలు నుంచి వచ్చి బకెట్‌లో చూస్తే నిటారుగా ఈదుతున్నది ఒక్కటే. ఒక ముసలి ఆడచేప. ఒక పక్క రెక్క చిరిగిపోయింది. కత్తి లేదు, గీత లేదు, సంఘంలో ఎవరూ రెండోసారి చూడని చేప.

"అయిపోయింది" అంది స్టావ్రోతో ఫోనులో. "ఆడది ఒక్కటుంది. వాడి ఇరవై ఏడేళ్ళూ నేను తుడిచిపెట్టేశాను." ఆ మాట ఆవిడ గొంతులో వాతావరణ వార్త చదివినట్టుంది.

"ఎలా ఉంది అది? పొట్ట ఎలా ఉంది?"

"బరువుగానే ఉంది."

"అయితే నోరు మూసుకుని మేత పెట్టు. కత్తితోక ఆడది ఒకసారి మగదాన్ని కలిస్తే ఆ విత్తనం కడుపులో నెలల తరబడి దాచుకుంటుంది. మగాడు లేకపోయినా నాలుగైదు కాన్పులు కంటుంది. ఈ సంగతి నీకు తెలీదా?"

"మోయడమే నాకు తెలుసు."

అప్పట్నుంచీ మూడుంపావుకి బేస్‌మెంటు మెట్లు దిగడం మొదలైంది. పెద్ద తొట్టిలో ఆ ఒక్కటీ. బట్టలు కూడా అక్కడే ఉతుక్కోవడం మొదలుపెట్టింది, ఎటూ దిగుతున్నాను కదా అని. మిషను తిరుగుతుంటే ముక్కాలిపీట మీద కూర్చుని చేపని చూసేది. అది ఆవిణ్ణి చూసేది, మేత కోసం. నవంబరు గడిచింది. ఏమీ జరగలేదు. డిసెంబరు పండక్కి ఊరంతా రంగు బల్బులు కట్టుకుంది. క్రిస్మస్‌కి పది రోజుల ముందు, ఒక ఆదివారం, పొట్ట లోపలికి లాక్కుపోయిన చేప మూల నాచు చుట్టూ తిరుగుతూ కనపడింది. నాచులో కళ్ళు. చిన్నచిన్న కళ్ళే తప్ప ఒళ్ళు కనపడటం లేదు. తల్లి వాటిని తినేలోగా దాన్ని వేరే సీసాలోకి మార్చి, పిల్లల్ని లెక్కపెట్టింది. ముప్ఫై మూడు.

స్టావ్రోకి ఫోను చేసి చెప్పింది.  అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఆవిడకి మాత్రం ఏడుపు రాలేదు. ఫిబ్రవరిలో లైల్ సంవత్సరీకం రోజు కూడా రాలేదు. మూడుంపావుకి దిగి మేత వేసి వచ్చింది.

మార్చి మొదటి శుక్రవారం చర్చి హాల్లో సంఘం సమావేశానికి ఆర్డిత్ బకెట్ పట్టుకుని వచ్చింది. లైల్ ఉండగా ఆవిడ ఎప్పుడూ హాలు గుమ్మం దాకా మోసుకొచ్చి కారులో కూర్చునేది. ఈసారి లోపలికి వచ్చి, రిజిస్టరు రాసే బెర్నీస్ బల్ల ముందు బకెట్ దించింది. బెర్నీస్ పోస్టాఫీసులో పని చేసి రిటైరైన మనిషి, చిరునామా లేనిదే దేన్నీ కదలనివ్వదు. చేప చేతులు మారితే ఎవరి దగ్గర్నుంచి ఎవరికో రాయాల్సిందే.

జనం మూగారు. పదకొండు వారాల పిల్లలు, మగవాటికి అప్పుడే గోరంత కత్తులు మొలుస్తున్నాయి. నల్ల గీత దిగింది. స్టావ్రో మోకాళ్ళ మీద కూర్చుని బకెట్‌లోకి చూస్తూ ఉండిపోయాడు.

"రెండు జతలు స్టావ్రోకి" అంది ఆర్డిత్. "లైల్ హోలుబ్ నుంచి, స్టావ్రోకి. రాయండి."

"ఆగమ్మా. పాత పేజీ ఒకటి ఉండాలి." బెర్నీస్ అట్టలూడిన ఇంకో రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుంటూ తిప్పింది. "ఇదిగో, అరవై తొమ్మిదో సంవత్సరం. లైల్ నుంచి అంటే కుదరదు. ఇందులో లైల్ పేరు లేదు."

"ఎందుకుండదు? వాడి చేపలేగా."

"ఆర్డిత్ హోలుబ్ అని ఉంది."

"పొరపాటు రాసుంటారు."

"లైల్ రాతే ఇది. నువ్వే చూడు." బెర్నీస్ రిజిస్టరు ఇటు తిప్పింది. మంచం మీద పడుకుని రాసినట్టు అక్షరాలు వాలిపోయి ఉన్నాయి. కత్తితోక, ఎరుపు, నల్ల అంచు. ఎవరివి: ఆర్డిత్ హోలుబ్. చూసుకునేది: తమ్ముడు.

స్టావ్రో నెమ్మదిగా లేచి మెడ గోక్కున్నాడు. "అయితే నిజమే చెప్పాడన్నమాట."

"ఏం చెప్పాడు?"

"నేనెప్పుడడిగినా ఒకటే మాట. 'నావి కావురా, మా అక్కవి. నేను మేత వేసేవాణ్ణే. కావాలంటే ఆవిణ్ణడుగు' అని. ఎగ్గొట్టడానికి నవ్వులాటకి అంటున్నాడనుకున్నా. అందరితోనూ అదే అనేవాడు."

చుట్టూ ఇద్దరు ముగ్గురు తలలూపారు.

"మరి నన్నెందుకు అడగలేదు?" అంది ఆర్డిత్.

"నువ్వెప్పుడు చూసినా బకెట్లు మోస్తూ ఉండేదానివి. బకెట్లు మోసేవాళ్ళని చేపలెవరడుగుతారు?"

"అడగందే అమ్మైనా పెట్టదయ్యా" అంది బెర్నీస్, కలం మూత తీస్తూ.

ఆర్డిత్‌కి కోపం వచ్చింది. ఏడాదిగా ఏమీ రాని చోటికి ముందు కోపం వచ్చింది. స్టావ్రో మీద వచ్చింది, తలలూపిన వాళ్ళ మీద వచ్చింది, ఆ తర్వాత అసలు మనిషి మీద వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే గుంట చుట్టూ ఇరవై ఏడేళ్ళు తిరిగి, ఊరందరికీ చెప్పి తనకి చెప్పని తమ్ముడి మీద.

"వెధవ" అంది పైకే. "వెధవ. నాతో ఒక్క మాట అనొచ్చుగా."

 రెండు చేతులూ బెర్నీస్ బల్ల మీద ఆనించి, తెరిచిన రిజిస్టరు మీద తల వాల్చి ఏడ్చింది. తమ్ముడు పోయినందుకు ఏడ్చింది. రేకు డబ్బాలో తను తెచ్చిన జత వాడికి గుర్తుండి తను మర్చిపోయినందుకు, ఆకుల మీద ఒరిగిన నూరు చేపలకి, చూడకుండా రాసిన మూడు అరవై రెళ్ళకి, అన్నిటికీ కలిపి ఏడ్చింది.  బెర్నీస్ సిరా తడవకుండా రిజిస్టరు కొంచెం పక్కకి లాగి, ఆవిడ చేతి కింద కాగితం రుమాళ్ళు పెట్టింది.

చాలాసేపయ్యాక ఆర్డిత్ మొహం తుడుచుకుని లేచింది. "అడుగు" అంది స్టావ్రోతో.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అందరి ముందూ."

స్టావ్రో చొక్కా సరిచేసుకున్నాడు. "ఆర్డిత్, నీ కత్తితోకల్లో ఒక జత ఇస్తావా?"

"రెండు తీసుకో. పిల్లలు పుడితే నీ దగ్గరే పెట్టుకుని కూర్చోకు. అడిగిన వాళ్ళకల్లా ఇయ్యి. ఒక్క గుంటలోనే ఉంటే ఏమవుతుందో చూశాంగా."

బెర్నీస్ రాసింది. ఆర్డిత్ హోలుబ్ నుంచి, స్టావ్రోకి, రెండు జతలు. తేదీ వేసి, సంతకం పెట్టించుకుంది. ఆర్డిత్ రిజిస్టరులో ఉన్న తన పేరుని కాసేపు చూసి, అలవాటుగా బకెట్ ఎత్తడానికి వంగింది. వంగి, మధ్యలో ఆగింది.

"చేపలు నావైతే బకెట్ నేనెందుకు మోస్తాను?" అంది. "పట్టుకో."

స్టావ్రో బకెట్ పట్టుకున్నాడు. ఆర్డిత్ ముందు నడిచి, అతని కోసం తలుపు తీసి నిలబడింది.